పళ్లున్న జీను

జూలై 6

మామయ్యకు,

అత్తయ్య పెట్టిన పేరును ఇక్కడ కూడా నిలబెట్టుకుంటూ నీ గిలక్కాయ క్షేమంగా ఉంది. కాలేజీ వాళ్లిచ్చిన గది బాగుంది. కిటికీ తెరిస్తే ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు తప్ప ఏమీ కనబడవు కానీ గాలి మాత్రం బాగా వస్తుంది. ఫౌండ్రీ హోరులో ఇన్నేళ్లు నలిగిన నీ చెవులకు ఫోనులో నేను చెప్పేది సగం కూడా అందదు. పైగా బొమ్మలు పంపాలి. అందుకే ఈ ఉత్తరం.

ఒక పని పడింది. అది నువ్వు తప్ప చెయ్యగలిగినవాళ్లు లేరు. (ఈ వాక్యం అత్తయ్యకు చదివి వినిపించకు. ఇప్పటికే నీతో వేగలేకపోతోందని అమ్మ చెప్పింది.)

ఇక్కడ నేను చెప్పే పాఠం కంప్యూటర్లో గ్రాఫులు గియ్యడం. బీజగణితం చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. సమీకరణం రాసి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా గియ్యాలో హద్దు చెబితే చాలు, కొండలూ లోయలూ తెర మీద నిలబెడుతుంది. నా క్లాసులో ఒకమ్మాయికి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. తోటిపిల్లలు ఆమెను ప్రశ్నల పుట్ట అంటారు. నేనూ అలాగే అంటాను, ఆమెకూ ఇష్టమే. లెక్కల్లో అందరికన్నా ముందుంటుంది. తెర మీదున్నది చదివి వినిపించే ఏర్పాటు ఆమె కంప్యూటర్లో ఉంది. సమీకరణమైతే చక్కగా చదువుతుంది. గ్రాఫు వచ్చేసరికి "చిత్రం" అని ఒక్క మాట అని ఊరుకుంటుంది. ఆ చిత్రం ఎలా ఉందో నేను నోటితో చెప్పబోతే, "మీరు చూసింది చెబుతున్నారు మేడం, మరి నేను చూసేదెప్పుడు?" అంది.

మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారు చెడ్డవారు కాదు, జాగ్రత్త ఎక్కువ. గ్రాఫు చూడలేని పిల్ల లెక్కల డిగ్రీ ఎలా పూర్తి చేస్తుంది, ఇప్పుడే వేరే సబ్జెక్టుకు మారితే ఆమెకే మంచిది కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. కాస్త గట్టిగానే ఒప్పుకోలేదు. చివరికి ఆయన ఒక పరీక్ష పెడతానన్నారు. సెప్టెంబరు పదిన, హద్దు గీసిన ఉపరితలం ఒకదాన్ని ఆమె చేతికివ్వాలి. అందులో అన్నిటికన్నా ఎత్తెక్కడ, పల్లమెక్కడ, ఎందుకలా ఉంది, అన్నీ ఆమే కనిపెట్టి చెప్పాలి. చెబితే లెక్కల్లోనే ఉంటుంది, లేకపోతే మారిపోవాలి. ఆమె తరఫున హామీ నాది.

చేతికివ్వాలంటే వస్తువు కావాలి కదా, అందుకే నువ్వు. ఆ ఉపరితలం గుర్రం జీనులా ఉంటుంది. నడుమ నిలబడి కుడికో ఎడమకో నడిస్తే ఎక్కుడు, ముందుకో వెనక్కో నడిస్తే దిగుడు. దాన్ని అలాగే వదిలేస్తే ఎక్కేవాడు ఎక్కుతూనే ఉంటాడు. అన్నిటికన్నా ఎత్తేదని అడగడానికే ఉండదు. అందుకని చుట్టూ హద్దు గీసి, ఇందులోనే వెతుకు అంటాం. పైనుంచి చూస్తే కనబడే బొమ్మా, అడ్డంగానూ నిలువుగానూ కోస్తే కనబడే బొమ్మలూ అన్నీ కంప్యూటర్లోంచి తీసి, అసలు కొలతకే పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి పంపుతున్నాను. ఒళ్లో పెట్టుకుని తడిమేంత ఉంటే చాలు.

చేస్తావు కదూ?

నీ
గిలక్కాయ


జూలై 15

గిలక్కాయకు,

మోకాలు తప్ప మీ మామయ్య అన్ని విధాలా బాగున్నాడు. మోకాలి సంగతి మీ అత్తయ్య ఎలాగూ అందరికీ చెబుతోంది కాబట్టి నేను చెప్పను.

"నువ్వు తప్ప చెయ్యగలిగినవాళ్లు లేరు" అన్న వాక్యం ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి కాస్త గట్టిగా చదివాను. "చదివింది చాలు, ముందు స్నానం చెయ్యి" అంది. ఈ ఇంట్లో నా విలువ ఇంత.

కాగితాలు ఫౌండ్రీలో మా షాపు బల్ల మీద పరిచేసరికి అంతా చేరారు. పోత పోసేవాళ్లూ, లేతు మీద ఉండేవాడూ, లెక్కలు రాసే గుమస్తా కూడా వచ్చాడు. "నా మేనకోడలు గీసింది" అన్నాను. కంప్యూటరు గీసిందని ఎందుకు చెప్పాలి? కంప్యూటరుకు చెప్పింది నువ్వే కదా.

నీ క్లాసు పిల్లలకు చెప్పు, మా పనేమిటో వాళ్లకు తెలియదు. పంపు గుల్లైనా, గేటు కమ్మీ అయినా ముందు చెక్కలో నేను చేస్తాను. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే గుంట మిగులుతుంది. అందులో కరిగిన లోహం పోస్తారు. నా చెక్కలో వెంట్రుకవాసి తేడా ఉంటే వంద లోహపు ముక్కల్లోనూ అదే తేడా. అందుకే నాకు పని నేర్పినాయన ఒక్కటే చెప్పేవాడు: గీసినవాడి మనసులో ఏముందో నీకెందుకు, కాగితం మీద ఏముందో అది చెయ్యి. కాగితం మీద ఈగ రెట్ట వేస్తే దాన్ని కూడా చెక్కేరకం ఆయన. ఆయన చేతికింద నేను పెరిగాను.

వంపు నాకొక లెక్క కాదు. పంపు రెక్కలు చేసిన చెయ్యి ఇది. అంచు దగ్గర మాత్రం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అలాంటి అంచు నేనింతవరకూ చెయ్యలేదు. ఇంత కష్టం అవసరమా అని అడగబోయి ఆగాను. అంత చదువుకున్నదానివి, ఊరికే గీస్తావా? ఒక్క మాట చెప్పు చాలు. అంచు ఎంత ముఖ్యం? కాస్త అటూ ఇటూ అయితే ఫరవాలేదా, లేక పట్టింపు ఉందా?

మేనమామ


జూలై 23

మామయ్యకు,

అంచు ఎంత ముఖ్యమని అడిగావు. అంచే ప్రాణం!

జీను నడిబొడ్డున చెయ్యి పెడితే చదునుగా ఉంటుంది, అదే శిఖరమేమో అనిపిస్తుంది. కాదు. ఒకవైపు నుంచి చూస్తే ఎత్తు, ఇంకోవైపు నుంచి చూస్తే పల్లం, ఎటూ కాని చోటది. అన్నిటికన్నా ఎత్తయిన చోట్లు రెండూ, పల్లపు చోట్లు రెండూ హద్దు మీదే ఉన్నాయి. ఆ పిల్ల వెతకాల్సింది అక్కడే. అంచు చెడితే పరీక్షే చెడుతుంది. కాబట్టి అటూ ఇటూ కావడానికి వీల్లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రావాలి. నువ్వు చేస్తే అలాగే వస్తుందని తెలుసు, అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను.

చేతికి పేళ్లు గుచ్చుకోకుండా మాత్రం చూడు. ఆమె వేళ్లే ఆమె కళ్లు.

నిన్న క్లాసులో ఏం జరిగిందో విను. బోర్డు మీద ఒక సమీకరణం రాసి పైకి చదువుతూ ఒక మైనస్ గుర్తు వదిలేశాను. ఇంతమంది బోర్డు చూస్తూ కూడా ఎవరూ పట్టుకోలేదు. ప్రశ్నల పుట్ట లేచి, "మేడం, మీరు రాసింది మీరు చదివినట్టే ఉంటే ఆ కొండ భూమిలోకి పెరుగుతుంది" అంది. క్లాసంతా నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను కానీ లోపల గర్వంగా ఉంది. ఈ పిల్లను వేరే సబ్జెక్టుకు పంపేస్తారా? ఎలా పంపుతారో చూస్తాను.

హెడ్డుగారు ఇంకో షరతు పెట్టారు. వస్తువు పరీక్ష రోజునే ఆమె చేతికి రావాలట. ముందే ఇస్తే నేను నేర్పింది అప్పజెబుతుందని అనుమానం. నువ్వు పంపిన పెట్టె తిన్నగా ఆయన బీరువాలోకి వెళుతుంది. సరేనన్నాను. నీ చేతి పని మీద నాకు అనుమానం లేదు కదా.

మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకో. నేను చెప్పానని కాదు, అత్తయ్య చెప్పిందని.

గిలక్కాయ


ఆగస్టు 12

గిలక్కాయకు,

పని అయింది. ఇలా రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

పాత టేకు పలకలు ఏరి, ఒకదాని మీద ఒకటి అతికించి, బిగించి ఆరబెట్టాను. కోతబొమ్మలు ఒక్కొక్కటీ రేకులో కత్తిరించుకుని, వాటిని ఆనించి చూసుకుంటూ వంపు తీశాను. జీను పైభాగం ఎంత నున్నగా వచ్చిందంటే, గుమస్తా చెయ్యి వేసి రాస్తూ అక్కడే నిలబడిపోయాడు. టీ చల్లారిపోయింది, అయినా కదలడు. చివరికి నేనే తోసేశాను.

ఇక అంచు. నువ్వు అంచే ప్రాణమన్న ఉత్తరం మేకుకు గుచ్చి ఎదురుగా పెట్టుకున్నాను. ఒక్కో పన్నూ విడిగా కోశాను తల్లీ. నీ కాగితంలో ఒకచోట పన్ను పొడుగు, పక్కన ఇంకాస్త పొట్టి, ఆ పక్కన చిన్నచిన్నవి, మళ్లీ పెరుగుతూ పొడుగు. అన్నీ ఒకేలా ఉంటే రంపం పెట్టి లాగేవాణ్ణి. ఇవి అలా కాదు, ప్రతిదానికీ మళ్లీ కొలవాలి, మళ్లీ ఉలి పట్టాలి. మూలలు విరిగితే మొదటికొస్తుంది. విరగలేదు. ఒక్కటి కూడా విరగలేదు. పదునంతా తీసి, మీ అత్తయ్య చేత బుగ్గకు రాయించి చూశాను, ఎక్కడా గీసుకోలేదు. మొత్తం పళ్లెన్ని అని ఆవిడ అడిగింది. చెయ్యడానికి నేనున్నాను, లెక్కపెట్టడానికి నా మేనకోడలుంది అన్నాను.

"ఇదేం వస్తువు, రంపమా పళ్లెమా?" అని షాపులో ఒకడు నవ్వాడు. "లెక్కల్లో ఇలాగే ఉంటుంది, నీకు తెలియదు" అన్నాను. నాకూ తెలియదనుకో. కానీ గీసింది ఎవరు!

అడుగున నా ముద్ర కొట్టాను. నేను చేసిన ప్రతి నమూనా మీదా ఉండే మాటే: "డ్రాయింగు ప్రకారం". ఆ ముద్ర పడిన వస్తువు ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు. రేపు మా ఫౌండ్రీ లారీ అటే వస్తోంది, డ్రైవరు స్వయంగా కాలేజీలో దించుతాడు.

ఆ పిల్లకు చెప్పు, వంద చేతులు మారినా అరగని వస్తువు ఇస్తున్నానని.

మేనమామ


ఆగస్టు 19

మామయ్యా,

ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను.

నీ ఉత్తరంలో పళ్లన్న మాట చూడగానే ఉత్తరం సగంలో వదిలేసి లేచాను. పరుగున వెళ్లేసరికి హెడ్డుగారు పెట్టె తెరిచి చూస్తున్నారు. నాకు ఒక్క క్షణం కనబడింది. జీను అద్భుతంగా ఉంది. చుట్టూ పళ్లున్నాయి. ఆయన మళ్లీ మూసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ పళ్లు లెక్కల్లోవి కావు మామయ్యా. హద్దు గుండ్రం. నడుమ నుంచి ఇంత దూరంలోపు ఉన్నదంతా గియ్యి, బయటిది వదిలెయ్యి అని నేను కంప్యూటరుకు చెప్పాను. అది ఏం చేస్తుందంటే, నేలంతా కిటికీ జాలీలా గళ్లు వేసుకుంటుంది. ఒక్కో గడినీ అడుగుతుంది, నువ్వు లోపలా బయటా అని. మొత్తం లోపలుంటే ఉంచుతుంది. ఏ మూల కాస్త బయటికి జారినా గడి మొత్తాన్నీ పారేస్తుంది. మిగిలిన గళ్ల అంచు పళ్లు పళ్లుగా ఉంటుంది. గళ్లు కాదు, సాలెగూడులా నడుమ నుంచి పోగులూ వలయాలూ వేసుకో అని చెప్పి ఉంటే చివరి వలయమే హద్దయ్యేది, నున్నగా వచ్చేది. అది ఇంకో నాలుగు మాటల పని. బద్ధకించాను. రోజూ చూసి చూసి నా కళ్లకు ఆ పళ్లు కనబడటం మానేశాయి. గుండ్రమే కనబడుతుంది.

కానీ నువ్వైనా ఒక్క ముక్క రాసి అడగాల్సింది కదా. చూస్తే చిన్నపిల్లలకైనా తెలిసేది, అది గుండ్రం కావాలని!

ఇప్పుడు ఆ పిల్ల ప్రతి పన్ను దగ్గరా ఆగుతుంది. గోతులూ గట్లూ ఉన్నాయనుకుంటుంది. ఆమెకు నేను ముందుగా ఒక్క మాట చెప్పడానికి లేదు. నున్నటి అంచుతో ఇంకొకటి చెయ్యగలవా? పదో తారీకులోగా వస్తే హెడ్డుగారిని కాళ్లావేళ్లా పడైనా మార్పిస్తాను.

గిలక్కాయ


ఆగస్టు 27

లెక్కల మేడం గారికి,

చెయ్యను.

చేసే ఓపిక లేక కాదు. డ్రాయింగు ప్రకారం చేసిన వస్తువును తప్పు అని వెనక్కి తీసుకున్నవాణ్ణి కాను, ఇప్పుడు కాబోను. నువ్వు పంపిన మూడు ఉత్తరాలూ... కాదు, రెండే, మూడోది ఇప్పుడొచ్చింది కదా, ఆ రెండూ మళ్లీ చదివాను. హద్దు అన్నావు. అంచు అన్నావు. ప్రాణం అన్నావు. గుండ్రమని ఒక్కచోట రాయలేదు. నేను అడగలేదంటావా? అంచు ఎంత ముఖ్యమని అడిగాను, కాస్త అటూ ఇటూ అయితే ఫరవాలేదా అని కూడా అడిగాను. వీల్లేదన్నావు. ఇప్పుడేమో చిన్నపిల్లలకైనా తెలిసేదంటావు. చిన్నపిల్లల చేతే చేయించుకోవాల్సింది.

కోపం ఆ పళ్ల గురించి కాదు. వెయ్యి పళ్లు కొయ్యమన్నా కోస్తాను. ఊరంతా చెప్పుకున్నాను, నా మేనకోడలు గీసిందీ, నేను చెక్కిందీ ఒక ఆడపిల్ల చదువు నిలబెడుతుందని. ఇప్పుడు షాపులో ఎవరైనా ఏమైందని అడిగితే ఏం చెప్పను? తల ఎక్కడ పెట్టుకోను?

పళ్లు అంత అడ్డమైతే గరుకు కాగితం పెట్టి నువ్వే అరగదీసుకో. బీరువా తాళం మీ హెడ్డుగారి దగ్గరుంది, నా దగ్గర లేదు.

మేనమామ

గిలక్కాయా, కింద రాస్తున్నది అత్తయ్యను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి రమ్మని ఈయన నాకిచ్చాడు, దారిలో విప్పాను. మనిషి సరిగా తినడం లేదు. మొన్న నీ కాగితం మళ్లీ పరిచి, కంపాసు తెచ్చి, నడుమ ముల్లు గుచ్చి చుట్టూ గీత గీశాడు. ఆ గీత దాదాపు ప్రతి పన్ను మొననూ తాకుతూ పోయింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కాగితం చుట్టేసి, నీకు చెప్పొద్దన్నాడు. నేను చెబుతానని ఆయనకూ తెలుసు. ఆ పిల్ల ఎలా చేసిందో మాత్రం వెంటనే రాయి.


సెప్టెంబరు 11

మామయ్యకు, అత్తయ్యకు,

నిన్న పరీక్ష అయింది. కూర్చుని చదువు మామయ్యా, నిలబడి చదవకు. మోకాలి కోసం కాదు.

హెడ్డుగారి గదిలో పెద్ద బల్ల. ఆయనా, ఇంకో ఇద్దరు లెక్చరర్లూ, మూలన నేను. నోరు విప్పకూడదన్న షరతు మీద నన్ను రానిచ్చారు. పెట్టె తెచ్చి, నీ జీనును ప్రశ్నల పుట్ట ఒళ్లో పెట్టారు.

ముందు పైన రెండు చేతులూ ఆనించి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ రాసింది. "అబ్బ, ఎంత నున్నగా ఉందో!" అంది. తర్వాత "ఇటు ఎక్కుతోంది, అటు దిగుతోంది. జీను. నడుమ చదునుగా ఉంది కానీ దాన్ని నమ్మకూడదు" అంది. హెడ్డుగారు తల ఊపారు. ఊపితే ఆమెకు కనబడదని గుర్తొచ్చి "ఊఁ" అన్నారు.

అప్పుడు చేతులు అంచుకు వచ్చాయి. ఆగాయి.

"సార్, దీన్ని ఎలకలు కొరికాయా?"

లెక్చరర్లిద్దరూ ఫక్కున నవ్వారు. నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది అనుకున్నాను. ఆమె మాత్రం నవ్వలేదు. ఒక్కో పన్నునూ చూపుడువేలితో తడుముతూ చుట్టూ తిప్పుకుంది. ఒకసారి తిప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె అన్న మాటలు నేను మర్చిపోకముందే గదికి వచ్చి రాసుకున్నాను, నీ కోసం.

"ఇక్కడ మెట్టు పొడుగ్గా ఉంది. పక్కకు జరిగేకొద్దీ పొట్టి. ఇక్కడికొచ్చేసరికి చకచకా చిన్న మెట్లు. మళ్లీ పొడుగు. నాలుగు వైపులా ఇదే వరస. ఇది చెయ్యి జారి వచ్చింది కాదు సార్. చెయ్యి జారితే నాలుగు వైపులా ఒకేలా జారదు. చేసినాయనకు ఎలా చెయ్యమన్నారో అలాగే చేశారు. చెయ్యమన్నదే గళ్లలో ఉంది. గళ్ల కాగితం మీద గుండ్రం కొయ్యమంటే, గీతల వెంటే కత్తిరించాలంటే, ఇలాగే వస్తుంది. హద్దు గుండ్రం సార్. కంప్యూటరు గళ్లలో నడిచింది."

హెడ్డుగారు కుర్చీలో ముందుకు వంగారు. "సరేనమ్మా. మరి అన్నిటికన్నా ఎత్తెక్కడ? వేలు పెట్టి చూపించు."

ఆమె ఎక్కుడు వైపున్న పొడుగు మెట్టు వెతికి, దాని నడుమకు వేలు తెచ్చింది. అక్కడ ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. వేలిని ఇంకాస్త ముందుకు జరిపి, చెక్క దాటించి, గాలిలో నిలబెట్టింది.

"ఇక్కడ."

"అక్కడ చెక్క లేదమ్మా."

"లేదు సార్. ఆ గళ్లు కాస్త బయటికి జారాయని కంప్యూటరు పారేసి ఉంటుంది. పళ్ల మొనల్ని కలుపుకుంటూ పోతే గుండ్రం ఇక్కడిదాకా ఉబ్బుతుంది. ఎత్తు పెరుగుతూ పెరుగుతూ వచ్చింది. చెక్క అయిపోయింది కానీ ఎత్తు అయిపోలేదు."

అలాగే ఎదురువైపు గాలిలోనూ చూపించింది. పల్లాలు రెండూ అంతే, గాలిలోనే. హెడ్డుగారు పెన్ను కింద పెట్టేశారు. "అంచు నున్నగా రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు. "గళ్లలో నడవద్దని చెప్పాలి సార్, నడుమ నుంచి చుట్లు చుట్లుగా నడవమనాలి" అంది. నేను నాలుగు మాటలు ఎక్కువ రాయడానికి బద్ధకించిన పని!

లెక్కల్లోనే ఉంటుంది మామయ్యా. కాగితం మీద సంతకం కూడా అయింది. నా గదిలోకి వచ్చి తలుపు మూసుకుని ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడ్చాను.

హెడ్డుగారు తర్వాత నాతో అన్నారు: "నేను ఆ పెట్టె తెరిచిన రోజే పళ్లు చూశాను. నాసిరకం పని అనుకున్నాను. ఈ పిల్లకు తప్పు వస్తువు దొరికింది పాపం అనుకున్నాను." నేనూ అదే అనుకున్నానని ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. అంచు నున్నగా ఉండి ఉంటే ఆమె వేలు తిన్నగా ఎత్తు మీదికి పోయేది. సరైన జవాబే. ఆ జవాబు క్లాసులో ఎవరైనా చెబుతారు. కంప్యూటరు ఎక్కడ పొరబడిందో మాత్రం నీ పళ్లే చెప్పాయి. ఒక్క పన్ను నువ్వు సరిదిద్ది ఉన్నా ఆ వరస చెదిరిపోయేది. చిన్నపిల్లలకైనా తెలిసేదన్న ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు డ్రాయింగుది. డ్రాయింగు నాది.

"ఎవరు చేశారిది?" అని ఆయన అడిగారు. "మా మేనమామ" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే వరండాలో పోతున్నవాళ్లు తొంగి చూశారు.

జీను ఇక ల్యాబులో ఉంటుంది. ఏటేటా కొత్తగా చేరే పిల్లలంతా కళ్లు మూసుకుని దాన్ని తడిమి చూడాలట, ఇది హెడ్డుగారి కొత్త నియమం. దానికో పేరుపలక కావాలి. వేలితో చదవగలిగేలా ఉబ్బు చుక్కలతో, ఇత్తడిలో పోసి పంపగలవా? ఏం రాయాలో ప్రశ్నల పుట్టే చెప్పింది. ఆమె గుచ్చి ఇచ్చిన చుక్కల కాగితం ఇందులో పెట్టాను. నీకు తెలియడానికి మామూలు అక్షరాల్లో రాస్తున్నాను, మూడు వరుసలు:

గుండ్రటి హద్దులో జీను.
పళ్లు కంప్యూటరువి.
పనితనం మామయ్యది.

నీ
గిలక్కాయ


సెప్టెంబరు 19

గిలక్కాయకు,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. తర్వాత నిలబడి చదివాను, షాపులో, బల్లెక్కి. మోకాలు ఏమీ అనలేదు. రంపమా పళ్లెమా అని నవ్వినవాడి చేత "చెక్క అయిపోయింది కానీ ఎత్తు అయిపోలేదు" అన్న ముక్క మళ్లీ చదివించాను. వాడు చదివి, వెళ్లి అందరికీ టీ తెచ్చాడు. గుమస్తా కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు. ఫౌండ్రీలో దుమ్ము ఎప్పుడూ ఉంటుంది కదా, నేనూ అదే అన్నాను.

మీ అత్తయ్య ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. ఆవిడ చెప్పే కథలో నేను పళ్లన్నీ కావాలనే, ముందుచూపుతో కోశాను. సరిదిద్దుదామనుకుని ఊరుకున్నాను.

కోపంలో నిన్ను మేడం గారూ అన్నాను. అది కోపంలో అన్నది. ఇప్పుడు అదే మాట కోపం లేకుండా అంటున్నాను, మేడం గారూ. ఆ పిల్ల అంత చెప్పగలిగిందంటే నేర్పినవాళ్లు ఎవరు? మా అక్క, అదే మీ అమ్మ, నీ ఉత్తరం చదువుకుని ఎన్నిసార్లు మురిసిపోయిందో నీకు రాసే ఉంటుంది.

నువ్వంటే డ్రాయింగు తప్పు అంటున్నావు కానీ, గుండ్రమేనా అన్న అనుమానం నాకు మొదటి రోజే వచ్చింది. అడిగితే తెలియనివాడిలా కనబడతానని ఆగాను. కాబట్టి ఈసారి అడుగుతున్నాను. పలక పోతకు చుక్కల నమూనా చెక్కతో మొదలుపెట్టాను. రెండో వరుసలో, చివర్లో ఒక చుక్క మిగతావాటికన్నా పలచగా ఉంది. అది చుక్కేనా, కాగితం నలిగి వచ్చిన ఉబ్బా? భూతద్దం పెట్టి చూశాను, వేలితో తడిమాను, తేలలేదు. ఆ అమ్మాయినే అడిగి రాయి. జవాబు వచ్చేదాకా ఇత్తడి కరిగించను.

మొదటి వరుస కూడా ఒకసారి సరిచూడమను. మూడో వరుస మాత్రం అడగక్కర్లేదు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు, దాన్ని ముందే చెక్కేశాను.

మేనమామ